సోర్స్ నుంచి బిల్డ్ చేస్తే ఒరిగేదెంత?

క్లుప్తంగా

సాఫ్ట్‌వేర్‌ను రెడీమేడ్‌గా తెచ్చుకోకుండా, డెవలపర్లు రాసిన సోర్స్ కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చి (కంపైల్ చేసి) సొంతంగా బిల్డ్ చేసుకుంటే బాగా వేగంగా నడుస్తుందన్న నమ్మకం చాలా పాతది. ఇవాళ్టి ప్రాసెసర్లు, ఆ మార్పు చేసే కంపైలర్లతో చూస్తే ఎక్కువ ప్యాకేజీలకు ఆ లాభం ఒకటి రెండు శాతం దగ్గరే ఆగిపోతోంది. ఏ ఫీచర్లు కలిపారు, ఏ కంపైలర్ వాడారు, ఆ సోర్స్ ఎక్కడి నుంచి తెచ్చారు అన్న నిర్ణయాలే వేగం కంటే పెద్ద తేడా తెస్తున్నాయి.

ఆ మెసేజ్ ఎందుకు వస్తుంది?

మెషిన్ లెర్నింగ్ నేర్చుకుంటున్న విద్యార్థి ల్యాప్‌టాప్‌లో టెన్సర్‌ఫ్లో అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసి మొదటి ప్రోగ్రామ్ నడపగానే తెర మీద ఒక పొడవాటి మెసేజ్ పడుతుంది. వేగం ముఖ్యమైన పనుల్లో ప్రాసెసర్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లను ఇప్పటికే వాడుతున్నామని, లెక్కలను వేగంగా చేసే ఏవీఎక్స్2, ఎఫ్ఎంఏ లాంటి ఇన్‌స్ట్రక్షన్లు మిగతా పనుల్లో కూడా కావాలంటే తగిన ఫ్లాగ్‌లతో (కంపైలర్‌కు ఇచ్చే సూచనలతో) టెన్సర్‌ఫ్లోను మళ్లీ బిల్డ్ చేసుకోవాలని దాని సారాంశం. చాలామంది దీన్ని ఎర్రర్ అనుకుని టెన్షన్ పడతారు. గంటల తరబడి బిల్డ్ చేసి చూసినా మోడల్ ట్రైనింగ్ సమయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించకపోవచ్చు.

ఆ వరుసలో తేదీ, సమయం తర్వాత ‘ఐ’ అనే ఒక్క అక్షరం ఉంటుంది. ఇన్ఫర్మేషన్ అని దాని అర్థం. ఎర్రర్ అయితే అక్కడ ‘ఇ’ ఉండేది. మెసేజ్‌లోని ‘మిగతా పనుల్లో’ అన్న మాటను కూడా గమనించాలి. భారీ లెక్కలు చేసే భాగాలు అప్పటికే ఆ ఇన్‌స్ట్రక్షన్లను వాడుకుంటున్నాయి. బిల్డ్ చేస్తే మారేది వాటి చుట్టూ ఉన్న కోడ్ మాత్రమే.

ఇలాంటి పరిస్థితి ఎందుకు వచ్చిందో తెలియాలంటే 2003కు వెళ్లాలి. ఏఎండీ సంస్థ ఆప్టెరాన్ ప్రాసెసర్‌తో ఎక్స్86-64 అనే 64-బిట్ ఇన్‌స్ట్రక్షన్ల సెట్‌ను మార్కెట్లోకి తెచ్చిన ఏడాది అది. అప్పటి ఇన్‌స్ట్రక్షన్లలో వెక్టర్ లెక్కలకు, అంటే ఒకేసారి అనేక సంఖ్యల మీద చేసే లెక్కలకు, ఉన్నది ఎస్ఎస్ఈ2. ప్యాకేజీ తయారుచేసేవారికి అది ఎవరి మెషిన్ మీద నడుస్తుందో ముందుగా తెలియదు. అందుకే అందరి దగ్గరా కచ్చితంగా ఉండే కనీస స్థాయికే కంపైల్ చేస్తారు. పదేళ్ల తర్వాత, 2013లో ఇంటెల్ హాస్వెల్‌తో ఏవీఎక్స్2 వచ్చింది. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌తో ఎస్ఎస్ఈ2 కంటే రెట్టింపు వెడల్పున లెక్క చేయగలదు. అయినా లైనక్స్ ప్యాకేజీలు చాలావరకు 2003 నాటి కనీస స్థాయిలోనే వస్తూ వచ్చాయి.

ఆ జాగ్రత్తకు కారణం ఉంది. ప్రాసెసర్‌కు తెలియని ఇన్‌స్ట్రక్షన్ ఎదురైతే ప్రోగ్రామ్ నెమ్మదిగా నడవడం కాదు, అక్కడికక్కడే చచ్చిపోతుంది. ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అన్న రెండు మాటలు తప్ప ఇంకేమీ చెప్పదు. 2018లో టెన్సర్‌ఫ్లో 1.6 నుంచి రెడీమేడ్ ప్యాకేజీలకు ఏవీఎక్స్ (ఏవీఎక్స్2కు ముందు తరం) తప్పనిసరి అని నిర్ణయించినప్పుడు పాత మెషిన్లలో జరిగింది ఇదే. ఇక్కడ ‘పాత’ అన్న మాట తప్పుదారి పట్టించవచ్చు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో విరివిగా వచ్చిన సెలెరాన్ ఎన్4020 హాస్వెల్ తర్వాత ఏళ్లకు వచ్చినా అందులో ఏవీఎక్స్ లేదు. అంటే ప్రాసెసర్ వయసు చూసి దాని సామర్థ్యం చెప్పలేం.

వి1 నుంచి వి4 దాకా

ఈ చిక్కును కొంత సర్దడానికి 2020లో ఏఎండీ, ఇంటెల్, లైనక్స్ సంస్థలైన రెడ్ హ్యాట్, సూసే కలిసి ఎక్స్86-64ను నాలుగు అంచెలుగా విడదీశాయి. వి1 అంటే 2003 నాటి కనీస స్థాయి. వి2లో ఎస్ఎస్ఈ4.2 వరకు, వి3లో ఏవీఎక్స్2, ఎఫ్ఎంఏ, వి4లో ఏవీఎక్స్-512 చేరాయి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 2022లో వచ్చిన 9వ వెర్షన్‌లో వి2ను, 2025లో వచ్చిన 10వ వెర్షన్‌లో వి3ను కనీస అర్హతగా పెట్టింది. ఉబుంటు మరో దారి పట్టింది. 25.10 వెర్షన్‌లో పాత ప్యాకేజీలను అలాగే ఉంచి, వి3 కోసం కంపైల్ చేసిన ప్యాకేజీలను పక్కన వేరుగా, కావాలనుకున్నవారికి అందుబాటులోకి తెచ్చింది.

ఈ సందర్భంగా ఉబుంటు బృందం చెప్పిన సంఖ్య ఈ చర్చకు ఆయువుపట్టు. వి3కి మార్చినందువల్ల ఎక్కువ ప్యాకేజీల్లో వచ్చిన వేగం సుమారు 1 శాతం. సంఖ్యల లెక్కలు ఎక్కువగా చేసే కొన్ని ప్యాకేజీల్లో మాత్రం అంతకంటే ఎక్కువ.

ఒక్క శాతమే ఎందుకు?

రెండు రెట్ల వెడల్పున్న ఇన్‌స్ట్రక్షన్లు ఇస్తే 1 శాతమే రావడం వింతగా అనిపిస్తుంది. మొదటి కారణం, మామూలు ప్రోగ్రామ్‌లు ఎక్కువసేపు లెక్కలు చేయవు. మెమరీ నుంచి డేటా రావాలి, డిస్క్ చదవాలి, నెట్‌వర్క్ జవాబివ్వాలి, ‘ఇదైతే ఇటు, అదైతే అటు’ అని దారులు ఎంచుకోవాలి. వెబ్ సర్వర్ అయినా, టెక్స్ట్ ఎడిటర్ అయినా సమయం గడిచేది అక్కడే. లెక్కించే యంత్రం ఎంత పెద్దదైనా దానికి అందించే సరుకు సమయానికి రాకపోతే అది ఖాళీగా కూర్చుంటుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. నిజంగా లెక్కలు చేసే లైబ్రరీలు ఈ సమస్యను తమంతట తాము ఎప్పుడో పరిష్కరించుకున్నాయి. లైనక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సీలో, మెమరీలోని డేటాను కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌కు ఒకటి కాదు, అనేక రూపాలు ఉంటాయి. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే ప్రాసెసర్ ఏదో చూసి సరిపోయే రూపాన్ని ఎంచుకుంటుంది. సంఖ్యల లెక్కల లైబ్రరీలైన నంపై, ఓపెన్‌బ్లాస్ చేసేదీ అదే. వీడియో డీకోడర్లలో కీలక భాగాలను ఒక్కో తరం ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా అసెంబ్లీలో, అంటే నేరుగా ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లలో, చేత్తో రాసి పెట్టారు. ప్యాకేజీ పైకి 2003 నాటిదిలా ఉన్నా లోపల అవసరమైన చోట కొత్త ఇన్‌స్ట్రక్షన్లే నడుస్తున్నాయి. అలాంటి ప్యాకేజీని ‘మార్చ్=నేటివ్’ ఫ్లాగ్‌తో, అంటే ఈ మెషిన్‌కే సరిపోయేలా, మళ్లీ బిల్డ్ చేసినా కొత్తగా పిండడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అసలు లాభం ఎక్కడుంది?

కంపైలర్‌కు ఇచ్చే ఫ్లాగ్‌లలో ఆప్టిమైజేషన్ అసలే లేని ‘ఓ0’ నుంచి ‘ఓ2’కు మారడం పెద్ద గెంతు. కానీ ఉబుంటు లాంటి దాదాపు ప్రతి లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ ఇప్పటికే ఓ2 వాడుతోంది. ఓ2 నుంచి ఓ3కి వెళ్తే ఫలితం ప్రోగ్రామ్‌ను బట్టి ఉంటుంది. ఓ3 లూప్‌లను విప్పి, ఫంక్షన్లను ఒకదానిలో ఒకటి కలిపి కోడ్‌ను పెంచుతుంది. అలా పెరిగిన కోడ్ ప్రాసెసర్ లోపలి చిన్న క్యాష్‌లో పట్టకపోతే వేగం తగ్గుతుంది కూడా. పైగా 2022లో వచ్చిన జీసీసీ కంపైలర్ 12వ వెర్షన్ నుంచి, ఓ3కే పరిమితమైన ఆటో వెక్టరైజేషన్‌ను (మామూలు లూప్‌లను కంపైలరే వెక్టర్ లెక్కలుగా మార్చడాన్ని) కొంత జాగ్రత్తతో ఓ2లోనే ఆన్ చేశారు. ఆ రెండింటి మధ్య దూరం అలా ఇంకొంచెం తగ్గింది.

నిజంగా పనికొచ్చేవి ఇంకో రెండు ఉన్నాయి. మొదటిది ఎల్‌టీఓ (లింక్ టైమ్ ఆప్టిమైజేషన్). మామూలుగా కంపైలర్ ఒక్కో ఫైల్‌ను విడిగా చూస్తుంది. ఎల్‌టీఓతో, ఫైళ్లన్నింటినీ కలిపి లింక్ చేసే దశలో ప్రోగ్రామ్ మొత్తాన్ని ఒకేసారి చూసి, ఫైళ్ల సరిహద్దులు దాటి ఆప్టిమైజ్ చేస్తుంది. రెండోది పీజీఓ (ప్రొఫైల్ గైడెడ్ ఆప్టిమైజేషన్). ఇందులో ప్రోగ్రామ్‌ను రెండుసార్లు బిల్డ్ చేస్తారు. మొదటిసారి లోపల లెక్కపెట్టే కోడ్ పెట్టి బిల్డ్ చేస్తారు. దానికి కాసేపు పని ఇచ్చి ఏ దారిలో ఎన్నిసార్లు వెళ్లిందో రాసుకుంటారు. రెండో బిల్డ్‌లో ఎక్కువగా నడిచే దారులను దగ్గర దగ్గరగా, అరుదుగా నడిచే వాటిని దూరంగా పేరుస్తారు. దారులు ఎంచుకునే పనే ఎక్కువగా ఉండే ఇంటర్‌ప్రెటర్లు, బ్రౌజర్లు, కంపైలర్లకు ఇది బాగా కలిసొస్తుంది.

పైథాన్ దీనికి మంచి ఉదాహరణ. దాని సోర్స్ తెచ్చుకుని కాన్ఫిగర్, మేక్ అని రెండు కమాండ్లు కొడితే తయారయ్యే పైథాన్‌లో పీజీఓ గానీ ఎల్‌టీఓ గానీ ఉండవు. వాటికి ‘ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్’, ‘విత్-ఎల్‌టీఓ’ అన్న ఆప్షన్లను విడిగా ఇవ్వాలి. డెబియన్, ఉబుంటులు తమ పైథాన్ ప్యాకేజీని ఆ రెండింటితోనే బిల్డ్ చేస్తున్నాయి. కాబట్టి వేగం కోసమని ఆ ఆప్షన్లు ఇవ్వకుండా సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్న పైథాన్, రెడీమేడ్ ప్యాకేజీలను దింపే ఏపీటీ కమాండ్‌తో ఒక్క నిమిషంలో దిగే పైథాన్ కంటే నెమ్మదిగా నడుస్తుంది. ఈ పొరపాటు చాలా సర్వర్లలో ఎవరి కంటా పడకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ప్రోగ్రామ్ సరిగానే పనిచేస్తూ ఉంటే అనుమానం రావడానికి కారణమేముంది?

కంపైలర్ మారితే కొలత మారింది

2025 మొదట్లో పైథాన్ 3.14 కోసం కొత్త తరహా ఇంటర్‌ప్రెటర్ లూప్‌ను, అంటే పైథాన్ కోడ్‌ను ఒక్కో ఆపరేషన్‌గా నడిపే భాగాన్ని, చేర్చారు. పైథాన్ బెంచ్‌మార్క్‌లలో అది 9 నుంచి 15 శాతం వేగం ఇస్తోందని ప్రకటించారు. అంత లాభం ఒక్క మార్పుతో రావడం అరుదు. కొన్ని వారాలకే అసలు సంగతి బయటపడింది. పోలికకు వాడిన పాత లూప్‌ను క్లాంగ్ 19 కంపైలర్‌తో బిల్డ్ చేశారు. ఆ వెర్షన్‌లో ఒక లోపం ఉంది. ఒక్కో ఆపరేషన్ చివర విడివిడిగా ఉండాల్సిన గెంతులన్నింటినీ అది ఒకే చోటికి కుదించేస్తోంది. దాంతో తర్వాత ఎటు వెళ్లాలో ప్రాసెసర్ ముందుగా అంచనా వేయలేక పాత లూప్ నెమ్మదించింది. కొత్త లూప్‌కు ఆ లోపం తగలలేదు. క్లాంగ్ 18తో గానీ జీసీసీతో గానీ పోలిస్తే లాభం 1 నుంచి 5 శాతానికి దిగింది. పైథాన్ బృందం తమ అంకెలను బహిరంగంగా సరిదిద్దుకుంది.

ఈ ఉదంతంలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, కొలత కూడా నిజాయితీగానే జరిగింది. ఒకే సోర్స్, అవే ఫ్లాగ్‌లు, అదే మెషిన్. కంపైలర్ వెర్షన్ ఒక్క అంకె మారినందుకు వచ్చిన తేడా, ‘మార్చ్=నేటివ్’తో సాధారణంగా వచ్చే లాభం కంటే చాలా పెద్దది. ఫలానా ఫ్లాగ్ పెడితే ఇంత శాతం వేగం అని చెప్పే ప్రతి చోటా ఏ కంపైలర్, ఏ వెర్షన్ అన్న వివరం లేకపోతే ఆ శాతానికి విలువ లేదు.

వేగం కోసం లెక్క తప్పితే

వేగం పేరుతో వాడే ఫ్లాగ్‌లలో ‘ఫాస్ట్-మ్యాత్’ ప్రమాదకరమైనది. దశాంశ లెక్కల నియమాలను కొంత సడలించుకోవచ్చని కంపైలర్‌కు అనుమతి ఇస్తుంది. ‘ఓఫాస్ట్’ అన్న ఫ్లాగ్‌లో ఇదీ కలిసే ఉంటుంది. జీసీసీలో దీనికి ఒక విచిత్రమైన పర్యవసానం ఉండేది. ఈ ఫ్లాగ్‌తో లింక్ చేసిన లైబ్రరీ లోడ్ అయిన మరుక్షణం, సున్నాకు అతి దగ్గరగా ఉండే చిన్న సంఖ్యలన్నింటినీ సున్నాగానే తీసుకోమని ప్రాసెసర్‌కు చెప్పే సెట్టింగ్ ఆన్ అయ్యేది. ఆ సెట్టింగ్ ఆ లైబ్రరీకే పరిమితం కాదు. దాన్ని లోడ్ చేసిన థ్రెడ్‌లో నడిచే కోడ్ అంతటికీ వర్తిస్తుంది.

2022లో ఇది పైథాన్ ప్యాకేజీల్లో బయటపడింది. నెట్‌వర్క్ పనులకు వాడే జీఈవెంట్ ప్యాకేజీని అప్పట్లో ఓఫాస్ట్‌తో బిల్డ్ చేశారు. దాన్ని ఇంపోర్ట్ చేస్తే చాలు, ఎక్కడో ఉన్న నంపై లెక్కలు మారిపోయేవి. అతి చిన్న సంఖ్య విలువ సున్నాగా కనిపిస్తోందని నంపై హెచ్చరిక ఇచ్చేది. తన ప్రోగ్రామ్‌లో దశాంశ లెక్కతో సంబంధమే లేని ప్యాకేజీ కారణమని దాన్ని చూసిన మనిషికి ఎలా తడుతుంది? 2023లో వచ్చిన జీసీసీ 13 నుంచి షేర్డ్ లైబ్రరీలకు ఈ ప్రవర్తన తీసేశారు. పాత కంపైలర్లతో బిల్డ్ అయిన ప్యాకేజీలకు ఆ రక్షణ లేదు.

ర్యామ్, సమయం, ఓపిక

పెద్ద సీ++ ప్రాజెక్టును 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేస్తుంటే అరవై డెబ్బై శాతం అయ్యాక కంపైలర్‌ను ఎవరో చంపేశారన్న ఒక్క వాక్యంతో ఆగిపోవడం చాలామందికి అనుభవమే. కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. నిజానికి ర్యామ్ అయిపోయి, ఎక్కువ మెమరీ తింటున్న ప్రక్రియను లైనక్స్ కెర్నలే ఆపేసింది. ఎన్ని కోర్లు ఉంటే అన్ని పనులు ఒకేసారి నడపమని మేక్‌కు చెప్పడం అలవాటు. ఒక్కో పనికి ఒకటి రెండు జీబీలు పట్టే కోడ్‌తో 8 కోర్లు కలిస్తే 8 జీబీ చాలదు. ఒకేసారి నడిచే పనులను రెండుకో మూడుకో తగ్గిస్తే బిల్డ్ ఆలస్యంగానైనా పూర్తవుతుంది. ఎల్‌టీఓ ఆన్ చేస్తే చివరి లింక్ దశకు ఇంకా ఎక్కువ మెమరీ కావాలి.

ఈ భారాన్ని జెంటూ కంటే బాగా ఎరిగిన డిస్ట్రిబ్యూషన్ లేదు. డానియల్ రాబిన్స్ మొదలుపెట్టిన జెంటూ 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. ప్రతి ప్యాకేజీనీ వాడేవారి మెషిన్‌లోనే బిల్డ్ చేయడం దాని మూలసూత్రం. అలాంటి జెంటూయే 2023 డిసెంబరులో రెడీమేడ్ ప్యాకేజీలనూ పెద్ద ఎత్తున ఇవ్వడం మొదలుపెట్టింది. దీన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. బ్రౌజర్ లాంటి భారీ ప్యాకేజీలను రెడీమేడ్‌గా తెచ్చుకుని, తమకు పట్టింపు ఉన్న వాటినే సొంతంగా బిల్డ్ చేసుకునే వెసులుబాటు అది.

ఒత్తులు విడిపోతే

జెంటూ వాడేవారిని అడిగితే వేగం కంటే ముందు యూజ్ ఫ్లాగ్‌ల గురించి చెబుతారు. ఒక్కో ప్యాకేజీలో ఏ ఫీచర్లు ఉండాలో, ఏవి అక్కర్లేదో ఎంచుకునే మీటలు అవి. తెలుగువారికి నేరుగా తగిలే విషయం ఇక్కడ ఉంది.

పైథాన్‌లో బొమ్మల మీద అక్షరాలు రాయడానికి పిల్లో లైబ్రరీ వాడతారు. దానితో ‘రాష్ట్రం’ అని రాయిస్తే కొన్ని మెషిన్లలో సరిగానే వస్తుంది. కొన్నిచోట్ల ‘రాష్‌ట్‌రం’ అని పొల్లులు విడిపోయి వస్తుంది. ఫాంట్ బాగాలేదేమోనని నాలుగైదు ఫాంట్లు మార్చి చూస్తారు, ఫలితం ఉండదు. లోపం ఫాంట్‌లో లేదు. తెలుగులో హల్లు కింద ఒత్తు చేరాలంటే అక్షరాల వరుసను చూసి సరైన రూపాన్ని ఎంచే షేపింగ్ ఇంజన్ కావాలి. హార్ఫ్‌బజ్ చేసే పని అదే. పిల్లో దాన్ని రక్మ్ అనే లైబ్రరీ ద్వారా అందుకుంటుంది. బిల్డ్ సమయంలో రక్మ్ దొరకకపోతే బిల్డ్ ఆగదు, ఆ ఫీచర్ లేకుండానే ముందుకు పోతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఏ తేడా ఉండదు కాబట్టి టెస్టులన్నీ పాస్ అవుతాయి, పోస్టర్‌లో తెలుగు మాత్రం విరిగిపోతుంది. పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ను రక్మ్ ఉందా అని అడిగితే అవును, కాదు అన్న జవాబు వెంటనే వస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లోనూ రక్మ్‌ను కలపాలా వద్దా అన్నది బిల్డ్ ఆప్షనే.

పైథాన్‌నే సోర్స్ నుంచి బిల్డ్ చేసినప్పుడు సురక్షిత నెట్ కనెక్షన్లకు వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేకపోతే జరిగేదీ ఇదే. బిల్డ్ విజయవంతంగా ముగుస్తుంది. చివర్లో, వందల వరుసల కింద, ఫలానా మాడ్యూళ్లు తయారుకాలేదని ఒక చిన్న గమనిక ఉంటుంది. దాన్ని చదవనివారికి పైథాన్ ప్యాకేజీల ఇన్‌స్టాలర్ పిప్‌తో ఏదైనా దింపుకోబోయినప్పుడు గానీ విషయం తెలియదు.

సోర్స్‌నే నమ్మలేకపోతే

సొంతంగా బిల్డ్ చేసుకుంటే లోపల ఏముందో తెలుస్తుంది, కాబట్టి భద్రం అన్నది మరో వాదన. 2024 మార్చి 29న ఈ వాదనకు గట్టి పరీక్ష ఎదురైంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ డెబియన్ మెషిన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి తవ్వుకుంటూ వెళ్లారు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దొరికింది. రెండేళ్లకు పైగా ఓపిగ్గా నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి పని అది.

దాన్ని పెట్టిన చోటు బిల్డ్ ప్రక్రియే. హానికర కోడ్‌ను టెస్ట్ ఫైళ్లలో దాచారు. దాన్ని బయటికి తీసే స్క్రిప్టు మాత్రం అందరూ చూసే గిట్ రిపాజిటరీలో లేదు, విడుదల చేసిన సోర్స్ మూటలో, అంటే టార్ ఫైల్‌లోనే ఉంది. ఎక్స్86-64 లైనక్స్ మీద, డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీగా బిల్డ్ అవుతుంటేనే అది మేల్కొంటుంది. అంటే అదే టార్ ఫైల్‌ను ఎవరైనా ఇంట్లో చేత్తో బిల్డ్ చేసి పరీక్షించినా శుభ్రంగానే కనిపించేది.

ఇలాంటి చొరబాట్లలో కొన్నింటికి విరుగుడుగా డెబియన్ 2013 నుంచి రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ మీద పనిచేస్తోంది. ఒకే సోర్స్‌ను ఇద్దరు వేర్వేరు చోట్ల బిల్డ్ చేసినా చివరి ఫైల్ ఒక్క బిట్ కూడా తేడా లేకుండా రావాలన్నది లక్ష్యం. బిల్డ్ చేసే మెషిన్‌లోనో దారిలోనో ఎవరైనా చెయ్యి పెడితే ఇద్దరి ఫైళ్లూ కలవవు. సోర్స్‌లోనే విషం ఉంటే మాత్రం ఇది పట్టుకోలేదు. బిల్డ్ చేసిన సమయం, ఫోల్డర్ దారి, ఫైళ్ల వరుస లాంటి చిన్న విషయాలే ఈ లక్ష్యానికి అడ్డుపడుతుంటాయి. సొంత మెషిన్‌కు మాత్రమే సరిపోయేలా ఆప్టిమైజ్ చేసుకున్న ప్యాకేజీకి ఇలా పోల్చి చూసుకోవడానికి ప్రపంచంలో రెండో కాపీ ఉండదు. ఒక శాతం వేగానికి ఇది చిన్న ధర కాదు.

ఎటు వెళ్తోంది?

ఏ మెషిన్‌కు ఏ ప్యాకేజీ అన్న నిర్ణయం మెల్లగా ఇన్‌స్టాలర్ల చేతికి పోతోంది. ఉబుంటు వి3 ప్యాకేజీలు ఒక అడుగు. 2025లో వచ్చిన మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్ 2.8లో, మెషిన్‌ను చూసి సరైన వీల్‌ను (పైథాన్ రెడీమేడ్ ప్యాకేజీని) తానే ఎంచుకునే పద్ధతిని ప్రయోగాత్మకంగా పెట్టారు. ఇవి నిలదొక్కుకుంటే వేగం కోసం ఇంట్లో బిల్డ్ చేసే అవసరం ఇంకా తగ్గుతుంది.

అయితే కనీస అర్హత పెరిగే కొద్దీ బయట మిగిలిపోయేవారు పెరుగుతారు. వి3 తప్పనిసరి అన్న రోజున సెలెరాన్ ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి రెడీమేడ్ ప్యాకేజీ దక్కదు, 4 జీబీ ర్యామ్‌తో సొంతంగా బిల్డ్ చేసుకోవడమూ కుదరదు. ఆల్మాలైనక్స్ ఈ ఖాళీని చూసింది. రెడ్ హ్యాట్ 10వ వెర్షన్ వి3కి మారినప్పుడు, దానికి అనుగుణంగా తెచ్చిన తన 10వ వెర్షన్‌ను వి3తో పాటు వి2కి కూడా కంపైల్ చేసి విడుదల చేసింది. సోర్స్ అందరికీ తెరిచి ఉంది, పెద్ద మెషిన్లు ఉన్న ఒక బృందం ఒకసారి బిల్డ్ చేసింది, రెడ్ హ్యాట్ పక్కన పెట్టిన ప్రాసెసర్లు ఇంకొన్నేళ్లు పనిచేస్తాయి.